చెప్పకుండా ఇచ్చిన పిల్లి

పులివెందుల బస్టాండులో ఒక సాయంత్రం బస్సు వెనక్కి వస్తుంటే, చక్రం దారిలో ఒక తెల్లపిల్లి కూర్చుని ఉంది. కండక్టరు విజిల్ ఊదుతున్నాడు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు, అది మాత్రం నింపాదిగా కాలు నాక్కుంటోంది. నేను చేతిలోని సంచి పడేసి, వెళ్లి దాన్ని మెడ పట్టి లాగాను.

"ఏమ్మా, పిల్లి కోసరం నువ్వు సావాలనుకుంటాండావా?" అని డ్రైవరు కిటికీలోంచి కేకలేశాడు.

చేతికి తడి తగిలితే చూశాను. దాని మెడకు ఎవరో ఎప్పుడో కట్టిన నైలాను తాడు చర్మంలోకి దిగిపోయి చీము పట్టింది. నేను పక్క ఊళ్లో ప్రైమరీ స్కూలు టీచర్ని. రోజూ అదే బస్టాండు నుంచి ఇంటికి నడిచి వెళ్తాను. ఆ రోజు పిల్లిని కొంగులో చుట్టుకుని వెళ్లాను.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు తాడు కోసి, పుండు కడిగి, మందు పెట్టాడు. రెండోసారి కట్టు మార్చేటప్పుడు దాని తల వెనక గట్టిగా చప్పట్లు కొట్టాడు. పిల్లి కదల్లేదు.

"దీనికి చెవుడు మేడం. తెల్లపిల్లుల్లో కొన్నిటికి పుట్టుకతోనే ఉంటాది. రోడ్డు మీదికి మాత్రం వదలద్దండి" అన్నాడు.

అప్పుడుగానీ బస్టాండులో అది ఎందుకు లేవలేదో నాకు అర్థం కాలేదు.

పుండు మానేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మా ఆయనకు ఉబ్బసం ఎక్కువైంది. పొద్దున లేస్తూనే మంచం మీద కూర్చుని ఊపిరి కోసం అవస్థ పడేవాడు. పిల్లి బొచ్చు ఇంట్లో ఉండకూడదని డాక్టరు చెప్పాడు. నేను దానికి ఇల్లు వెతకడం మొదలుపెట్టాను.

మొదట అందరికీ నిజమే చెప్పాను. మా హెడ్మాస్టరు వాళ్లింట్లో, "చెవిటి పిల్లికి ఎలుక అలికిడి ఏం తెలుస్తాది?" అన్నారు. సింహాద్రిపురం దగ్గర చీనీ, అంటే బత్తాయి తోట ఉన్న ఒకాయన, "మా తోటలో కుక్కలుండాయి. అవి వచ్చేది వినపడకపోతే ఒక్క దినం గూడా బతకదు" అన్నాడు. కాదనడానికి వాళ్లకు కారణాలున్నాయి. నాకు మాత్రం ఆగడానికి రోజులు లేవు.

అప్పుడే ప్రొద్దుటూరు నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. టీచర్ ట్రైనింగులో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. తర్వాత తను బట్టల వ్యాపారం చేసే ఇంటి కోడలయింది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో సరుకు దించే వాకిలి.

"ఏం మే, మీ ఇంట్లో పిల్లి ఉందంటివే. మా గోడౌన్లో ఎలుకలు చీరల కట్టలు కొరికేస్తాండాయి. మాకిస్తావా?"

"దానికేమి, తీసుకో" అన్నాను. చెవుల సంగతి నోటిదాకా వచ్చి ఆగింది.

ఆ రాత్రి మా ఆయన్ని అడిగితే, "చెప్తే తను గూడా వద్దంటాది. ఇంట్లోకి పోయినాక అదే అలవాటైపోతాదిలే" అన్నాడు. ఆయన అన్నాడు కాబట్టి చెప్పలేదని ఇప్పుడు అనను. చెప్పకూడదని నేను అప్పటికే అనుకున్నాను.

ఆదివారం వైరు బుట్టలో పెట్టుకుని, పైన తువ్వాలు కట్టి, ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరు వెళ్లాను. తను పిల్లిని చూడగానే ఒళ్లోకి తీసుకుంది. "బయటికి వదలద్దు మే" అని మాత్రం చెప్పాను. "పిల్లిని ఎవురన్నా కట్టేసుకుంటారా?" అని నవ్వింది. నేను కూడా నవ్వాను.

తర్వాత అప్పుడప్పుడు ఫోటోలు పంపేది. చీరల కట్టల మీద పడుకున్న పిల్లి, కిటికీలో కూర్చున్న పిల్లి. ప్రతి ఫోటో చూసినప్పుడూ నిజం చెప్పేద్దామని నాలుగు మాటలు టైపు చేసి చెరిపేసేదాన్ని. మా ఆయనకు ఊపిరి నెమ్మదించింది. నేను మాత్రం ఎక్కడ హారన్ మోగినా వెనక్కి తిరిగి చూసేదాన్ని. మూడు నెలలకు ఇక ఉండబట్టలేక, ఎదురుగానే చెబుదామని చెప్పాపెట్టకుండా ప్రొద్దుటూరు వెళ్లాను.

తలుపు తీసిన స్నేహితురాలి ముఖం నన్ను చూసి పాలిపోయింది. లోపల చాప మీద పిల్లి పడుకుని ఉంది. వెనక కాలు ఒకటి లేదు. అక్కడ కుట్ల గుర్తులున్నాయి.

"నెల అయ్యింది. వాకిట్లో టెంపో ఎనక్కి వస్తాంటే చక్రం కింద పడింది. కడపకు తీస్కపోతే కాలు తీసేసినారు. నన్ను నమ్మి ఇస్తివి, నీకు ఎట్ల చెప్పేది మే? పాత ఫోటోలే పంపిస్తా వచ్చినా" అని కళ్లు తుడుచుకుంది.

నేను చాప పక్కన కూర్చుని పిల్లి వెన్ను నిమిరాను.

"ఆ టెంపో డ్రైవరు శానా ఏండ్లుగా మా సరుకు తోలేవాడు. హారన్ కొట్టినా, అది లేయలేదు అని మొత్తుకున్యాడు. ఎవురు నమ్ముతారు? పిల్లిని తొక్కినోడు పాపిష్టోడు, మా గడప తొక్కకూడదని మా అత్త పట్టుబట్టింది. ఆయన్ని రావద్దన్నారు."

"ఆయన చెప్పింది నిజమే. దానికి చెవుడు. నాకు ముందే తెలుసు" అన్నాను.

తను గొంతు పెంచలేదు.

"చెప్పింటే గూడా తీసుకునేదాన్ని మే. వాకిలి తలుపు ఏసుకునేదాన్ని, అంతే కదా."

లేచి అంగట్లోకి వెళ్లి, వాళ్లాయనకూ అత్తకూ నేనే చెప్పాను. పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "చదువు చెప్పేదానివి" అని లోపలికి వెళ్లిపోయింది. ఆయన అప్పటికప్పుడే టెంపో డ్రైవరుకు ఫోన్ చేశాడు. అవతల ఏమన్నాడో నాకు వినపడలేదు. "రానంటాండాడు" అని ఫోన్ పెట్టేశాడు. డ్రైవరు ఇప్పుడు జమ్మలమడుగులో ఒక బండల ఫ్యాక్టరీకి లారీ తోలుతున్నాడని చెప్పాడు.

మరుసటి ఆదివారం జమ్మలమడుగు వెళ్లాను. ఫ్యాక్టరీ ముందు రాతి దుమ్ములో లారీ కడుగుతున్న ఆయనకు యాభై ఏళ్లుంటాయి. ఎవర్నో, ఎందుకొచ్చానో చెప్పాను. పైపు కింద పెట్టి విన్నాడు.

"రెండుసార్లు కొట్టినానమ్మా హారన్. ఎవురు నమ్మకపోయినా దేవునికి తెలుసులే అనుకున్యా. కానీ నాకే అనుమానం వచ్చె. నిజంగా కొట్టినానా, కొట్టినాననుకుంటాండానా అని. దినామూ బండి ఎనక్కి తీసేటప్పుడు దిగి చూస్తాండా" అన్నాడు.

"మళ్లీ ప్రొద్దుటూరు పోకూడదా అన్నా? వాళ్లు పిలుస్తాండారు కదా."

"పిలుస్తారు. ఆ పెద్దమ్మ అందరి ముందర అనింది. ఫోన్లో పిలిస్తే ఆ మాట పోదు." పైపు మళ్లీ చేతిలోకి తీసుకుని, "పిల్లి బతికిందా?" అని అడిగాడు.

"బతికింది. మూడు కాళ్లతో తిరుగుతాంది."

"అయితే మంచిదే" అని లారీ వైపు తిరిగాడు.

పిల్లి నా స్నేహితురాలి దగ్గరే ఉంది. వాకిలికి ఇనుప జాలీ తలుపు పెట్టించారట. ఎలుకలు పట్టదని తెలిసినా ఎవరూ దాన్ని వేరే చోటికి పంపలేదు. దానికి ఇల్లు దొరికింది, అందులో అనుమానం లేదు. తను మాత్రం నాకు ఫోటోలు పంపడం మానేసింది. నేను ఫోన్ చేస్తే ఎత్తుతుంది, పిల్లలు బాగున్నారా అని అడుగుతుంది, నేను అడిగినదానికి జవాబు చెబుతుంది. పిల్లి ఎలా ఉందని అడిగితే, "బాగుంది" అంటుంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పదు.