లాగి పరిచిన గుడ్డ

బట్టల ఫ్యాక్టరీ కటింగ్ గదిలో ఆ అమ్మాయిని అందరూ చీమ అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గాని బాగా చూసే పెట్టాడు. బెల్లు కొట్టకముందే వస్తుంది, కొట్టాక కూడా పోదు, మధ్యలో ఒక్క నిమిషం కుదురుగా కూర్చోదు. ఈ కాలం పిల్లలకి ఒళ్ళు వంగదని లోకమంతా కోడై కూస్తుంటే, ఆ మాటను అబద్ధం చెయ్యడానికే పుట్టినట్టుంటుంది.

విచిత్రమేమిటంటే ఇంట్లో ఆమెను ఆపేది తల్లే. అదే ఫ్యాక్టరీలో కుట్టు మిషను ముందు జుట్టు నెరిసేదాకా కూర్చున్న మనిషి. ఏ మిషను మీద చేరిందో ఆ మిషను మీద నుంచే ఇంటికొచ్చేసింది.

"అంత గొడ్డుచాకిరీ చెయ్యకే తల్లీ. పని అయిందా లేదా అనే చూస్తారు వాళ్ళు. చేసిందెవరో ఎవడిక్కావాలి?" అంటుంది.

"నీ రోజులు వేరమ్మా," అంటుంది చీమ, చెప్పులు తొడుక్కుంటూ. ఆ మాట తల్లికి ఎక్కడ గుచ్చుకుంటుందో ఆలోచించే తీరిక ఆ పిల్లకి ఉండదు.

చీమ కోరుకుంటున్నది ఒక్కటే, టేబుల్ ఇన్‌చార్జి పని. గుడ్డను పొర మీద పొరగా పరిచి కోసే పొడవాటి బల్ల ఉంటుంది. ఆ బల్ల దగ్గర అందరికీ పని చెప్పే మనిషి ఇన్‌చార్జి. పాతాయన మానేశాడు. వారాంతానికి కొత్త పేరు చెప్తానన్నాడు కటింగ్ మాస్టారు. పోటీలో ఉన్నది ఇద్దరే. రెండోవాడు బెల్లుబాబు.

బెల్లుబాబు పనిమంతుడే, అందులో వంక పెట్టడానికి లేదు. కాకపోతే సాయంత్రం బెల్లు మోగిందంటే అతని చేతిలో కత్తెర ఉన్నచోటే ఆగిపోతుంది. "జీతం ఇచ్చేంత సేపూ వాళ్ళ మనిషిని. ఆ తర్వాత మా ఆవిడ మనిషిని," అంటాడు. ఒకసారి చీమతో, "అక్కా, నీకు పోస్టు వస్తుందో రాదో గాని నడుంనొప్పి మాత్రం ఖాయం," అన్నాడు కూడా. చీమకి ఒళ్ళు మండింది.

ఆ వారమే ఫ్యాక్టరీకి కొత్త సరుకు వచ్చింది. సాగే బనీను గుడ్డ. అప్పటిదాకా ఆ గదిలో చొక్కా గుడ్డే కోశారు. తాన్ల చుట్టలు విప్పి, సాగిన గుడ్డ సర్దుకునేలా రాత్రంతా వదులుగా పడెయ్యమని మాస్టారు బెల్లుబాబుకి చెప్పాడు. ఆ సమయానికి చీమ గోదాములో ఉంది. అతను చెప్పినట్టే విప్పి, బల్ల మీద కుప్ప పోసి, బెల్లు కాగానే చక్కా పోయాడు.

మర్నాడు అందరికన్నా ముందొచ్చిన చీమకి ఆ కుప్ప కనిపించింది. ఇంటికెళ్ళే తొందరలో ఎలా పారేసిపోయాడో చూడు, అనుకుంది. ఒక చివర క్లిప్పులు పెట్టి, రెండో చివర నుంచి బలం కొద్దీ లాగి అక్కడా క్లిప్పులు బిగించి, ఒక్క ముడత లేకుండా పొరలన్నీ ఒంటిచేత్తో పరిచింది. మాస్టారు వచ్చేసరికి బల్ల అద్దంలా ఉంది. ఆయన అరచేత్తో నిమిరి, "భేష్" అని, కోత మొదలుపెట్టించాడు. ఆ పూటంతా చీమ గాల్లో తేలిపోయింది.

మధ్యాహ్నానికి కుట్టు లైను నుంచి ముక్కలు వెనక్కొచ్చాయి. బిగలాగి పరిచిన గుడ్డ, కోసి వదలగానే ముడుచుకుపోయింది. పెద్దవాళ్ళ కోసం కోసినవి బడిపిల్లలకి సరిపోయేలా ఉన్నాయి.

మాస్టారు నేరుగా బెల్లుబాబు మీద పడ్డాడు. "తాన్లు విప్పమని చెప్పానా లేదా?"

"విప్పానండి."

"విప్పిన గుడ్డ ఎందుకు ముడుచుకుంటుంది? మీలాంటివాళ్ళకి కష్టమంటే చేదు. పోస్టులు మాత్రం కావాలి."

బెల్లుబాబు చీమ వైపు ఒక్కసారి చూశాడు. పొద్దున్న గుడ్డ పరిచిందెవరో అతనికి తెలుసు. అయినా పెదవి విప్పలేదు.

చీమ ఊరుకుంటే చాలు, పోస్టు ఒళ్ళో వచ్చి పడుతుంది. ఊరుకోవాలనే అనిపించింది కూడా, దాచడం దేనికి. కానీ తను చేసిన దానికి ఇంకొకడు తలొంచుకుని నిలబడటం చూడలేకపోయింది.

"మాస్టారూ, తను విప్పాడండి. నేనే లాగి పరిచాను."

మాస్టారు నవ్వేశాడు. "వాణ్ణి వెనకేసుకు రాకమ్మా. నీ పని నాకు తెలీదా?"

కష్టపడి తెచ్చుకున్న మంచిపేరు ఇలా అడ్డం తిరుగుతుందని చీమ కలలో కూడా అనుకోలేదు. ఇక మాటలతో లాభం లేదని, మిగిలిన గుడ్డ తెచ్చి ఆయన కళ్ళెదుటే ఒక పొర పరిచింది, పొద్దున్న పరిచినట్టే. గుడ్డ చివర బల్ల మీద సుద్దగీత గీసి క్లిప్పులు తీసేసింది. గుడ్డ ఆ గీతను వదిలి మెల్లగా వెనక్కి జరిగింది.

మాస్టారి మొహంలో నవ్వు పోయింది. "ఇలా లాగమని ఎవరు చెప్పారు నీకు?"

"మీరేనండి. చేరిన కొత్తలో, చొక్కా గుడ్డకి."

ఆయన బెల్లుబాబు భుజం మీద చెయ్యి వేసి, "ఏమీ అనుకోకయ్యా," అన్నాడు. వారాంతంలో అతని పేరే చెప్పాడు. ఆ సాయంత్రం బెల్లు మోగింది. చీమ బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

"పద అక్కా," అన్నాడు కొత్త ఇన్‌చార్జి. "ఇది నా మొదటి ఆర్డరనుకో."

ఇంటి దగ్గర తలుపు తీసిన తల్లి కంగారుపడింది. "ఇంత వెలుగుండగా వచ్చావేంటే? ఒంట్లో బాగాలేదా?"

చీమ గుమ్మంలోనే కూలబడి, జరిగిందంతా చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ముందే చెప్పలేదూ అని తల్లి అనొచ్చు, ఆ హక్కు ఎవరికైనా ఉంటే ఆవిడకే ఉంది. అనలేదు. కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చుంది.

"అయితే ఇకనుంచి నువ్వూ బెల్లు టైముకే వెళ్తావా?"

"లేదమ్మా, ముందే వెళ్తాను," అంది చీమ ముక్కు తుడుచుకుంటూ. "గుడ్డని మాత్రం లాగను."

తల్లి నిట్టూర్చి, లేచి వెళ్ళి అలారం పెట్టింది.