నలుపు చూసి ఊరుకున్న రెండు రోజులు

గనులు జోరు మీదున్న ఏళ్లవి. బళ్లారి గాంధీనగర్‌లో, నర్సింగ్ చదివే ఆడపిల్లల హాస్టల్లో నేను ఆయాని. గదులు ఊడ్చి బాత్రూములు కడగాలి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఇది వేరొకరు రాస్తున్నారు.

ఆ పిల్లలు ఏ నొప్పికీ డాక్టరు దగ్గరికి పోరు. మాత్రల పేర్లు వాళ్లకే తెలుసు. ఒకరికి మిగిలింది ఇంకొకరు మింగుతారు. ఖాళీ మాత్రల షీట్లు ఎత్తిపోస్తుంటే నాకు కుళ్లు పుట్టేది. నా కూతురిదీ అదే వయసు. తండ్రి పోయాక బడి మాని గనిలో రాళ్లు ఏరుతోంది.

పైగదిలో శ్వేత ఉండేది. సిరిగేరి పిల్ల, తండ్రికి లారీలున్నాయి. తోటిపిల్ల ఊరికి పోవడంతో ఆ బాత్రూము ఆమె ఒక్కదానిదే. పరీక్షల తలనొప్పికి రోజూ పెయిన్ కిల్లర్, అంటే నొప్పి అణిచే మాత్ర, వేసుకునేది.

"ఉత్త కడుపున ఏంది తల్లీ, ఇంత తిని ఏసుకో" అన్నాను.

"నర్సింగ్ చదివేది నువ్వా నేనా, హులిగక్కా?"

"నువ్వే. నేను కడిగేదాన్ని."

మర్నాడు కడగబోతే దొడ్డికి తారులా నల్లగా పోయి ఉంది. చూడగానే మా ఆయన గుర్తొచ్చాడు. ఖనిజం లారీ తోలేవాడు. నడుంనొప్పికి ఇలాంటి మాత్రలే మింగేవాడు. పోయే ముందు ఆయనకూ ఇదే నలుపు. లోపల నెత్తురు కారితే అలా అవుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు.

తెలిసీ నోరు మెదపలేదు. చదువుకున్నది కదా, తనే చూసుకోనీ అనుకున్నాను. రెండో రోజూ అదే చూసి, నీళ్లు కొట్టి వచ్చేశాను.

మూడో రోజు శ్వేత మెట్ల మీద కూలబడింది. పెదాలు పాలిపోయాయి. అప్పుడు వార్డెనమ్మ దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పాను.

ఆస్పత్రిలో నోట్లోంచి గొట్టం వేసి పొట్ట చూశారు. దాన్ని ఎండోస్కోపీ అంటారట. పుండు పడి నెత్తురు కారుతోంది. రక్తం ఎక్కించాక బతికింది.

"నేనూ చూస్తి అక్కా" అంది మంచం మీద. "ఐరన్ మాత్రలు మింగుతాంటి. వాటికీ నల్లగానే పోతాదని చదివినాం. అదే అనుకుంటి. నువ్వెప్పుడు చూస్తివి?"

"మొన్ననే."

"మరి ఏల చెప్పలా?"

"నీ మీద కుళ్లు తల్లీ."

ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

కుళ్లు పోయిందా అంటే పోలేదు. వాళ్ల పుస్తకాలు సర్దేటప్పుడు ఇప్పటికీ నా కూతురి చేతులే గుర్తొస్తాయి. కానీ ఆనాటి నుంచి బాత్రూములో ఏది చూసినా, చీపురు కింద పెట్టకముందే వెళ్లి చెబుతాను.