మనీలా అక్క చెప్పిన తారీఖు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సేమ్యా విరవడం నా పని. కిరాణా దుకాణం నుంచి పొట్లం రాగానే అమ్మ చాటలో పోసి నా ముందు పెట్టేది. చిటికెన వేలంత ముక్కలు రావాలి, పొడి రాలకూడదు. ఆ పని నా అంత బాగా మెదక్ మొత్తంలో ఎవరూ చెయ్యలేరని అమ్మ అనేది. పిల్లలతో పని చేయించుకోవడానికి పెద్దవాళ్లు అనే మాటలవి. తొమ్మిదేళ్ల నాకు మాత్రం అదే పెద్ద బిరుదు.

అమ్మ బడిలో టీచరు. చర్చి గంట వినబడే వీధిలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. పక్క వాటాలో మనీలా అక్క ఉండేది. ఫిలిప్పీన్స్ నుంచి మా ఊరి దవాఖానలో నర్సులకు పని నేర్పడానికి వచ్చింది. ఆమె అసలు పేరు నోరు తిరగక ఊరంతా అలాగే పిలిచేవారు. తెలుగు మా వీధిలోనే నేర్చుకుంది కాబట్టి అచ్చం మాలాగే మాట్లాడేది. కూరగాయల బండి దగ్గర ఆమె బేరమాడుతుంటే, ముఖం చూడనివాళ్లు దగ్గర్లోని టేక్మాల్ ఊరి మనిషే అనుకునేవారు. ఆమెకు తల్లి అంటే ప్రాణం. తల్లి ఉత్తరం వచ్చిన రోజు అక్క నడకే మారిపోయేది.

ఆ ఏడు వాళ్లమ్మ ఓడ మీద ఒక పార్సిల్ పంపింది. అందులో బియ్యంతో చేసిన తెల్లటి సన్న సేమ్యా ఉంది, దారం కండెల్లా పొడవుగా మడిచి కట్టినది. ఒక చిన్న సీసాలో నల్లటి ఉప్పు రసం కూడా ఉంది. జూలై పన్నెండు వాళ్లమ్మ పుట్టినరోజట. ఆ సాయంత్రం మాకందరికీ వాళ్ల దేశపు వంట, పాన్సిట్ అంటారట, చేసి పెడతానంది. పొద్దున డ్యూటీకి పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టి, బడి నుంచి రాగానే కూరగాయలు కడిగి ఉంచమని చెప్పింది.

కడిగి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? క్యారెట్లు తరిగాను, బీన్స్ తుంచాను, వెల్లుల్లి వలిచాను. ఇంకా పొద్దుండగానే పని అయిపోయింది. సేమ్యా ముట్టుకోమని ఎవరూ చెప్పలేదు, ముట్టుకోవద్దనీ చెప్పలేదు. చాట దించి, కట్టలన్నీ విప్పి, మా ఇంటి లెక్కన చిటికెన వేలంత ముక్కలుగా మొత్తం విరిచేశాను. అక్క వచ్చి మురిసిపోతుందని గడపలో కూర్చుని ఎదురుచూశాను.

నవ్వుతూ వచ్చిన మనిషి చాటను చూసి ఆగిపోయింది. తర్వాత మెల్లగా కింద కూర్చుని ఆ ముక్కల్లో చేయి పెట్టి చాలాసేపు కలిపింది. ఒక్కటైనా పొడుగ్గా మిగిలిందేమోనని వెతికిందని తర్వాత తెలిసింది. ఒక్కటీ లేదు. నా పని అంత నీటుగా ఉంటుంది మరి. చివరికి నా తల నిమిరి, "మంచిగ ఇరిసినవ్ బిడ్డా" అంది.

స్టవ్ వెలిగించి వంట మొదలుపెట్టింది. నూనెలో వెల్లుల్లి ఎర్రగా వేగాక ఉల్లిగడ్డ, కోడి ముక్కలు, కూరగాయలు వేసింది. కోడి ఉడికిన నీళ్లు, సీసాలోని నల్ల రసం పోసి, నానిన సేమ్యా వేసి పెద్ద మంట మీద తిప్పింది. పొడుగ్గా ఉంటే విడివిడిగా వచ్చేదేమో, నా ముక్కలు మాత్రం ముద్దయ్యాయి. పైన నిమ్మకాయ పిండి అందరికీ పెట్టింది. ఉప్మా లాగుందని నేను రెండుసార్లు వేయించుకున్నాను. అక్క తన పళ్లెంలోది ముట్టుకోలేదు. అడిగితే, దవాఖానలో తిన్నానంది.

ఆగస్టు మొదటి వారంలో అక్కకు ఆమె తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్లమ్మ చనిపోయింది. చాప మీద పడి ఏడుస్తున్న అక్కను అమ్మ ఒడిలోకి తీసుకుంది. వీధి ఆడవాళ్లంతా వచ్చారు, పాస్టర్ ప్రార్థన చేశారు. అప్పుడు నేను వాకిట్లో ఉన్నాను. ఎదురింటి పెద్దమ్మ ఇంకొకామెతో మెల్లగా అన్న మాట నా చెవిన పడింది. "పుట్టినదినం నాడు సేమ్యా పొడుగ్గనే తినాల్నంట వాళ్ల దిక్కు. ఎంత పొడుగుంటే గంత ఆయుష్షంట. గీ పొల్ల మొత్తం ఇరగ్గొట్టింది."

పెద్దమ్మ చెడ్డది కాదు. తోచిన మాట నోట్లో దాచుకోలేని మనిషి, అంతే. కానీ ఆ మాట నన్ను కాల్చేసింది. అన్నం సహించలేదు. అక్క కనబడితే గోడ చాటుకు పోయేదాన్ని. ఆమె గదిలోంచి ఏడుపు వినబడితే చెవులు మూసుకునేదాన్ని. నాలుగో రోజుకు జ్వరం వచ్చింది. ఆ జ్వరంలో నేను ఏమేం పలవరించానో గాని, అమ్మ గబగబా పక్క వాటాకు వెళ్లింది.

అక్క ఒక ఉత్తరం పట్టుకొని వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నా పక్కన కూర్చుని, పైన రాసి ఉన్న అంకె మీద నా వేలు పెట్టించింది. ఆ భాష నాకు రాదు, అంకె మాత్రం చదవగలను. మూడు అని ఉంది.

"గిది జూడు బిడ్డా. మా అమ్మ పోయింది జూలై మూడో తారీఖు. మనం వండుకున్నది పన్నెండు. నువ్వు ఇరిసే యాళ్లకు మా అమ్మ లేనే లేదు."

నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిది రోజుల ముందే పోయింది. ఆ రాత్రి జ్వరం దిగింది, తెల్లారి అన్నం అడిగి తిన్నాను.

అక్క మెదక్‌లో ఇంకా ఆరేళ్లు ఉంది. ఏటా జూలై మూడున చర్చిలో వాళ్లమ్మ జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టించేది. నేను ముందు బెంచీలో ఆమె పక్కనే కూర్చునేదాన్ని, ఏ బరువూ లేకుండా. తర్వాత ఆమె తన దేశం వెళ్లిపోయింది. కొన్నేళ్లకు అక్కడే పోయిందని తెలిసింది.

నేనూ టీచరునయ్యాను. అబద్ధమంటే నాకు ఒళ్లు మంట. ఒకనాడు అబద్ధం చెప్పిన పిల్లను ఎండలో నిలబెట్టానని ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత చెప్పింది. అక్క నాకు చూపించింది తమ్ముడి ఉత్తరం కాదు. వాళ్లమ్మే స్వయంగా, ఒంట్లో బాగానే ఉన్నప్పుడు, జూలై మూడున రాసిన ఆఖరి ఉత్తరం. ఆవిడ పోయింది జూలై పదహారున, మేము పాన్సిట్ తిన్న నాలుగు రోజులకు.

"నీ పానం కుదుటపడాల్నని, కన్నతల్లిని పదమూడు దినాలు ముందే సంపుకున్నది" అంది అమ్మ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరేళ్లు ఆమె తన తల్లికి తప్పు రోజున ప్రార్థన చేయించింది, నేను పక్కన కూర్చుంటాను కాబట్టి. ఆరేళ్లు పదహారో తారీఖున తెల్ల చీర కట్టుకుని, నా ముందు నుంచే మామూలుగా డ్యూటీకి పోయింది. తల్లి పోయిన రోజున ఏడవడానికి కూడా ఆమెకు ఊళ్లో వీలు లేకుండా చేసింది నేనే. ఆమె నన్ను ఒక పాపం నుంచి తప్పించింది. ఈ బాకీ మాత్రం నాకే మిగిలింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఏటా జూలై పదహారున చర్చికి వెళ్లి ఒక ప్రార్థన చెప్పిస్తాను. ఎవరి కోసమని కొత్తగా వచ్చిన పాస్టర్లు అడుగుతుంటారు. మా అక్క వాళ్లమ్మ కోసమని చెప్తాను. ఆవిడ ముఖం నేను ఫోటోలో కూడా చూడలేదు. అయినా ఆ రోజు ఆవిడ కోసం ఏడ్చేవాళ్లు మా ఊళ్లో ఒక్కరైనా ఉండాలి.