ఒక్క కొమ్ము విరిచి చూసినట్టు

నా నోటికి అడ్డూ అదుపూ లేదని ఆర్మూర్ మార్కెట్లో అందరికీ తెలుసు. మా చేలో ఒక్క పసుపు కొమ్మును తవ్వడానికి జేసీబీ తెప్పించామని చెప్పి, ఏర్గట్ల నుంచి ఇద్దరు రైతుల్ని చూడటానికి రప్పించిన ఘనత నాది. ఆ నోటితోనే ఒకరోజు టీ కొట్టు దగ్గర, హైదరాబాద్‌లో రక్తం చదివే మెషీన్ గురించి ఎత్తుకున్నాను.

"ఒక్క చుక్క పోస్తే సాలు. ఏడు తరాలల్ల ఎవడెట్ల సచ్చిండో, నువ్వెట్ల సస్తవో అంత కాయితం మీద అచ్చయి వస్తది!"

అందరూ నవ్వారు. నా భార్య తమ్ముడు నవ్వలేదు. నేను గమనించలేదు.

అతనిది జక్రాన్‌పల్లి. సొంత సేద్యం ఉంది. సీజన్‌లో మార్కెట్‌కు వచ్చి కమీషన్ ఏజెంటుకు సరుకు చూసి పెడతాడు. సంచిలో చేయి పెట్టి ఒక్క కొమ్ము తీసి, పుటుక్కున విరిచి, లోపలి రంగును బట్టి కుప్ప మొత్తానికీ మాట చెప్పేస్తాడు. కొన్నాళ్లుగా కాళ్లలో బలం తగ్గుతోందంటే నిజామాబాద్ డాక్టరు అతని రక్తాన్ని డీఎన్‌ఏ పరీక్షకు పంపారు. ఆ సంగతి నాకు తెలియదు.

రిపోర్టు వచ్చింది. కాళ్ల జబ్బుకు కారణమేదీ దొరకలేదు. కింద మాత్రం ఒక జన్యువులో ఏదో మార్పు కనిపించిందని, దాని అర్థం ఇంకా తెలియదని రాశారు. ఆ ఒక్క వాక్యం చాలింది. చాలా ఏళ్ల కిందట వాళ్ల నాన్న తన ప్రాణం తనే తీసుకున్నాడు. నా బామ్మర్ది ఆ మార్పును చూసి, తన బతుకు మొత్తానికీ మాట చెప్పేసుకున్నాడు. తిండి మానేశాడు. పొలం కాగితాలు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాడు.

పరుగున వెళ్లి అడిగితే రిపోర్టు నా ముందు పడేశాడు.

"నువ్వే చెప్పినవ్ గద బావా. మా నాయనది నాకొచ్చింది."

"అరే, నేను కొమ్ముకు జేసీబీ తెప్పిచ్చినోణ్ణిరా! నా మాట పట్టుకుంటవా?"

"గదొక్కటి నిజమనిపిచ్చింది."

ఇరవై ఏళ్లుగా నన్ను నమ్మేవాడి కోసం వెతికాను. దొరికిన రోజున నా నాలుక ఎండిపోయింది.

అప్పుడే బయలుదేరి నిజామాబాద్ దవాఖానలో మనసు జబ్బుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె రిపోర్టు చదివి పక్కన పెట్టి, సూటిగా అడిగింది.

"సచ్చిపోవాలనిపిస్తుందా తమ్మీ?"

అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని నాకు భయం. అతను మాత్రం తల వంచుకుని, "రోజూ అనిపిస్తది మేడమ్" అన్నాడు. అన్నాక భుజాలు కాస్త కిందికి దిగాయి.

"ఈ మార్పుకు అర్థం ఇంకా ఎవ్వరికీ తెల్వదు. ఎవరెట్ల పోతరో ఏ రక్తంల రాసి ఉండదు. మీ ఇంట్ల ఒకసారి గట్ల జరిగింది కాబట్టి మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలె, గంతే."

తర్వాత అతనితోనే ఒక కాగితం రాయించింది. మనసు చెడుతున్నట్టు ఎట్లా తెలుస్తుంది, అప్పుడేం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. మూడోదాని ఎదుట నా పేరు రాశాడు. చేనుకు కొట్టే మందులున్న గది తాళంచెవి నాకిమ్మంది. మాత్రలు రాసి, గురువారం మళ్లీ రమ్మంది.

"మీ బావ మీద నమ్మకముందా?" అని అడిగింది.

"ఆయన చెప్పేటియి నమ్మొద్దు మేడమ్. పిలిస్తే మాత్రం వస్తడు."

సోమవారం మార్కెట్లో వేలం జోరుగా ఉంది. ఫోన్ మోగింది.

"బావా, కాయితంల రాసిన తీరుగనే అయితుంది."

సరుకును పక్కవాడికి అప్పగించి బండి తీశాను. వెళ్లేసరికి గడపలో కూర్చుని ఉన్నాడు. దారిపొడవునా అతన్ని నవ్వించడానికి కూర్చుకున్న కథ ఒకటుంది. అతని ముఖం చూశాక అది నోటికి రాలేదు. పక్కనే కూర్చున్నాను.

"గురువారం దాంక ఆగాల్నా?" అన్నాడు.

"ఎందుకాగాలె? ఇయ్యాల్నే పోదాం, లే."

దవాఖానకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. నా బండి అక్కడే వదిలి బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చోబెట్టి అతని చేయి నా చేతిలో పెట్టుకున్నాను. డిచ్‌పల్లి దాటాక అతనే అన్నాడు:

"బావా, దిగినంక ముందుగల ఏమన్న తిందామా?"