నిరోషకు రోషం ఎందుకంటే

మా ఇంటర్ రోజుల పాట ఎక్కడ వినిపించినా మావాళ్ళు మురిసిపోతారు. "ఆ రోజులే వేరు" అంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో జిల్లా అంతా ఎగిరిన పాట ఒకటుంది. అది మా నిరోష చదువును మింగేసింది.

నిరోషది ఆత్మకూర్ దగ్గర పల్లె. వాళ్ళ బాపు యాదయ్య వరి పండించేవాడు. మేమిద్దరం ఒకే బస్సులో జూనియర్ కాలేజీకి వచ్చేవాళ్ళం, ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. బాటనీ బొమ్మలు దానిలా వేసేవాళ్ళు క్లాసులో లేరు. నర్సింగ్ చదవాలని దాని ఆశ. తెలంగాణ వచ్చి రెండేళ్ళు దాటింది, పోరగాళ్ళ చేతుల్లోకి ఫోన్లు వచ్చిన కాలం. మేం సెకండియర్‌లో ఉండగా దసరాకు ముందు యూట్యూబ్‌లో ఆ పాట వచ్చింది. "నిరోషా నిరోషా, నీకింత రోషమెందుకే" అని ఎవడో పాడాడు. నెల తిరగకుండా డీజేలోకి ఎక్కింది. ఆటోలో అదే, పెళ్ళి బరాత్‌లో అదే, కిరాణా కొట్టు లచ్చయ్య ఫోన్ మోగినా అదే.

పాట కట్టినవాడికి మా నిరోష ఎవరో తెలియదు, ఒప్పుకుంటాను. ఆత్మకూర్ పోరగాళ్ళకు తెలుసు కదా! బస్సెక్కితే వెనక సీట్లు అందుకునేవి. క్లాసులో సారు హాజరు పిలిస్తే, పేరు ఆయన పలికేవాడు, మిగతాది వెనక బెంచీలు పాడేవి. సారు తల వంచుకుని నవ్వుకునేవాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి ఆయన! అందరికన్నా ముందు గొంతెత్తేది పరమేష్. వాడు చెడ్డవాడు కాదని ఇప్పటికీ అంటారు. కొంగు లాగలేదు, వెంటపడలేదు. నేను వెళ్ళి తిడితే ఒకటే మాట అనేవాడు.

"పాట పాడుకుంటే గూడ తప్పేనా? యూట్యూబోన్ని అడుగుపో."

అన్నిటికన్నా దుర్మార్గం ఏమిటంటే, దాని కోపానికి జవాబు కూడా ఆ పాటలోనే ఉంది. తిరగబడి తిడితే "రోషమెందుకే" అని ఇంకా గట్టిగా అందుకునేవారు. ఊరుకుంటే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టేవారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. కోప్పడే హక్కు కూడా లేకుండా చేశారు కదరా ఆ పిల్లకి!

ఒకనాడు ఊళ్ళో బరాత్ వాళ్ళ ఇంటి ముందు ఆగింది. డీజే బండి మీద అదే పాట. యాదయ్య బయటికొచ్చి, పాట పెట్టే పిలగాడి దగ్గరికి వెళ్ళాడు.

"జర గా పాట బంద్ పెట్టు బిడ్డా. ఇంట్ల ఆడపిల్ల ఉన్నది."

"రెండు కోట్ల మంది సూసిన్రు పెద్దాయినా. నిరోష అంటే నీ బిడ్డ ఒక్కతేనా?" అని వాడు సౌండు పెంచాడు. చుట్టూ నిలబడ్డ పెద్దమనుషులు నవ్వారు.

మర్నాటి నుంచి నిరోష కాలేజీకి రాలేదు. పరీక్షలకు బాపు బండి మీద వచ్చి రాసి వెళ్ళింది. మంచి మార్కులే వచ్చాయి. మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ సీటు కూడా వచ్చింది. "గా పాట సల్లారినంక పోదువులే బిడ్డా" అన్నాడు యాదయ్య. పాట చల్లారలేదు. సీటు పోయింది.

తర్వాత అది మగ్గం వర్క్ నేర్చుకుంది. ఇప్పుడు ఆత్మకూర్ బస్టాండ్ వెనక దానికి దుకాణం ఉంది, పెళ్ళి జాకెట్ల మీద నెమళ్ళు కుడుతుంది. భర్త లింగస్వామి బుద్ధిమంతుడు. బాగానే బతుకుతోంది కదా అంటారేమో, జాకెట్టు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా పేరు వినగానే "అవునా, గా పాట నిరోషవా?" అని పళ్ళికిలిస్తారు.

మొన్న వేసవిలో మా బ్యాచ్ వాళ్ళు ఫంక్షన్ హాల్లో ఆత్మీయ సమ్మేళనం పెట్టారు. ముందుండి నడిపింది పరమేషే. వాట్సాప్ గ్రూపులో ఆ పాట పెట్టి, "మన బ్యాచ్ పాట. నిరోష స్టేజీ మీద ఉండాలె" అని రాశాడు. దాని కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి. నాకు తిక్కరేగి దుకాణానికి పరిగెత్తాను.

"నువ్వు పోకే" అన్నాను.

"నేనెందుకు పోవద్దు? నేను సదువుకోలేదా ఆడ?" అంది, సూది ఆపకుండానే. దారం తెంపి, "నా పేరు ఎనుక పాట లేకుండ గా హాల్ల ఒక్కసారి వినాలె. గంతే" అంది.

వెళ్ళాం. భోజనాల ముందు పరమేష్ మైకు పట్టుకుని స్టేజీ మీద ఉన్నాడు. నాలుగేళ్ళ కూతురు తండ్రి ప్యాంటు పట్టుకుని పక్కనే నిలబడింది. "నిరోషా!" అని పిలిచాడు. హాలంతా అందుకుంది. అప్పటి పోరగాళ్ళు, ఇప్పుడు పెళ్ళాం పిల్లలతో వచ్చినవాళ్ళు, చప్పట్లు కొట్టి మరీ పాడారు. నిరోష స్టేజీ ఎక్కి పరమేష్ చేతిలోంచి మైకు తీసుకుంది.

"నాకు గీ పాటంటే రోషమే. నా సదువు బంద్ చేయించిన పాట ఇది."

"రోషమెందుకే!" అని వెనకనుంచి ఎవడో పాడాడు. మళ్ళీ నవ్వులు. వాళ్ళను అక్కడే చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది నాకు.

నిరోష పరమేష్ కూతురి వైపు తిరిగింది. మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల మూతి ముందు మైకు పెట్టింది.

"నీ పేరేంది బిడ్డా? అందరికి వినపడేటట్టు చెప్పు. మీ డాడీ దోస్తులు మంచిగ పాడుతరు."

బడిలో రోజూ చెప్పిస్తారేమో, పిల్ల చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది. "మై నేమ్ ఈజ్" అని మొదలుపెట్టింది. పరమేష్ గబుక్కున వంగి కూతురి నోరు మూశాడు.

నిరోష మైకు తీయలేదు.

"ఎందుకు మూసినవ్ పరమేష్? చెప్పనియ్యి. మంచి పేరే పెట్టుంటవు గదా."