నన్ను ఏడాది ఆపిన లెక్కల సారు

మా లెక్కల సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున, జమ్మలమడుగులో తన ఇంటి వసారాలో కాఫీ తాగుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. కబురు అందేసరికి నేను పులివెందులలో మా బడిలో ఉన్నాను. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆయనతో నాకు తేలని తగాదా ఒకటి ఉంది. అది తేల్చకుండానే వెళ్లిపోయారు.

నేను బడిలో సైకాలజిస్టుని. చదువులో వెనకబడే పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారో కనిపెట్టి, వాళ్లకు దారి చూపించడం నా పని. ఊళ్లో మాత్రం పిచ్చిడాక్టరమ్మ అంటారు. ప్రొద్దుటూరులో డిగ్రీ అయ్యాక ఈ చదువుకే పెద్ద కోర్సు చేయాలనుకుని, నలుగురు స్నేహితురాళ్లం కలిసి ఒక కాలేజీ చూసుకున్నాం. మంచి హాస్టలు, పెద్ద భవనం, ఫోటోలు నిండిన పుస్తకం. దరఖాస్తు నింపి, పదో తరగతిలో చదువు చెప్పిన సారు కదా, ఒక మాట చెప్పి వద్దామని జమ్మలమడుగు వెళ్లాను. అదే నేను చేసిన పొరపాటు.

ఆయన ఆ పుస్తకం మొత్తం తిరగేసి అన్నారు: "బిల్డింగు బొమ్మలు పన్నెండుండాయి. పిల్లోల్ల బొమ్మ ఒగటి గూడ లేదే."

అక్కడి నుంచి మొదలైంది నా ఖర్మ. వారానికి ఎన్ని రోజులు మమ్మల్ని బడికి పంపుతారు? అక్కడ మా పక్కన కూర్చుని తప్పులు దిద్దేది ఎవరు? మన పల్లె పిల్లల్ని పరీక్షించేది మన మాటల్లోనా, ఇంగ్లీషులోనా? ఇవి కాలేజీకి ఫోన్ చేసి అడగమన్నారు. అడిగాను. ఆఫీసు గుమాస్తా హాస్టల్లో వేడినీళ్లు వస్తాయని చెప్పాడు. మళ్లీ అడగమన్నారు. మూడోసారి నా గొంతు గుర్తుపట్టి ఫోన్ పెట్టేశాడు. సరేలెమ్మని వదిలేస్తే ఆయన మా సారు ఎందుకవుతారు? తెల్లారి బస్సులో నాతో పాటు ఆయనా బయల్దేరారు, పెరుగన్నం డబ్బాతో సహా.

సారు వాళ్లది సింహాద్రిపురం వైపు. అక్కడ చీనీ తోట, అదే బత్తాయి తోట, బేరానికి వచ్చినవాళ్లు గట్టు పక్క చెట్లు చూసి మాట ఇవ్వరు, తోట నడిమధ్యకు పోయి కాయ కోసి చూస్తారు. సారు కూడా అంతే. ప్రిన్సిపాల్ గది వైపు కన్నెత్తి చూడలేదు. క్యాంటీన్లో రెండో ఏడాది పిల్లల మధ్య కూర్చుని, వాళ్ల డబ్బాల్లో పచ్చడి రుచి చూస్తూ, రెండేళ్లలో బడికి వెళ్లింది రెండు రోజులేననీ, అదీ ఫోటోల కోసమేననీ రాబట్టారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన డబ్బా కడుక్కుని, "పా పాపా, పోదాం" అన్నారు.

ఇంకో కాలేజీ బాగుందన్నారు. దాని సంగతి అడిగి, విని, మళ్లీ అడిగేలోగా అక్కడ సీట్లు నిండిపోయాయి. ఆ ఏడాది నాకు ఏ కాలేజీ లేదు. స్నేహితురాళ్లు ముగ్గురూ హాస్టల్ నుంచి ఫోటోలు పంపేవాళ్లు. మా నాన్న పనిచేసే బట్టల అంగడికి వచ్చినవాళ్లందరూ, పాప చదువు మానేసిందా అని అడిగేవాళ్లు. నాలుగు నెలలు నేను సారుతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం నాన్నకు ఫోన్ చేసి, కోపం తగ్గిందా అని వాకబు చేసేవారు. చివరికి తన బడిలో వెనక బెంచీలో కూర్చుని పిల్లల్ని చూడమన్నారు. ఊళ్లోవాళ్ల ప్రశ్నలు భరించలేక వెళ్లాను.

మరుసటి ఏడు ఆయన మెచ్చిన చోటే చేరాను. వారానికి మూడు రోజులు బడిలోనే. పక్కనే ఒక మేడమ్ కూర్చుని నేర్పేది. ఆమె కాస్తా సగంలో బదిలీ అయి వెళ్లిపోయింది. ఆరు నెలలు దిక్కులేనట్టు తిరిగాం. మీరు చెప్పిన కాలేజీ వాటం ఇదీ అని ఫోన్లో ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఆయమ్మ ఎన్నాళ్లుంటాదో మనం అడగలేదు గదా. ఇంగో ప్రశ్న రాసుకో" అన్నారు. క్షమాపణ లేదు, అయ్యో అన్న మాట లేదు. ఇంత పట్టుదల దేనికి సార్ అని ఎన్నిసార్లు అడిగినా, "నీకెందుకు, అడగమన్నప్పుడు అడుగు" అనేవారు. ఉద్యోగం వచ్చాక కూడా ఈ సంగతి ఎత్తితే మాట మార్చేసేవారు.

అంత్యక్రియలు అయ్యాక ఆయన ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంటే, నాకన్నా వయసులో కాస్త పెద్దదైన ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. ప్రొద్దుటూరులో జాకెట్లు, చొక్కాలు కుడుతుందట.

"సారు ఒగ సంవత్సరం ఆపింది నిన్నేనా?" అని అడిగింది.

నేనే అన్నాను. ఆమె తన సంగతి నిదానంగా చెప్పింది. ఎనిమిదో తరగతిలో సారు దగ్గరే చదివిందట. లెక్క నోటితో అడిగితే ఠక్కున చెప్పేది, కాగితం మీద పెడితే అంకెలు తారుమారయ్యేవి. బద్ధకమనుకుని సారు వాళ్ల నాన్నను పిలిపించి, దీనికి చదువు రాదు, మాన్పించమన్నారు. మాన్పించారు. చాలా ఏళ్లకు, నేను దరఖాస్తు పట్టుకుని వెళ్లిన దానికి ముందటి ఏడు, చొక్కా కుట్టించుకోవడానికి ఆమె అంగడికి వెళ్లిన సారు, ఆమె కొలతలు కాగితం మీద రాసుకోకపోవడం చూసి అసలు సంగతి తెలుసుకున్నారు.

"నా ముందర స్టూలు మీద కూచోని ఏడ్సినాడమ్మా. నాది సోమరితనం కాదని, తనకే తెలీలేదని చెప్పినాడు. అప్పట్నించి నా దగ్గరే కుట్టించుకుంటాండె."

ఈ ఒక్క మాట నాకు చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగు నెలలు మాట్లాడకుండా ఉండేదాన్నా? ఆ కాలేజీ ముందు ఆయన చేయి వదిలించుకుని విసవిసా బస్టాండుకు నడిచేదాన్నా? చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు. నన్ను ఏడాది ఆపి తన పట్టు సాధించుకోవడానికి మాత్రం సిగ్గుపడలేదు. ఆ మెట్ల మీదే నాకు ఏడుపొచ్చింది.

కాగితం లేకుండా కొలతలు ఎలా గుర్తుంచుకుంటావని అడిగాను. ఆమె సంచిలోంచి తెల్లటి దారం తీసింది. ఒక్కో మనిషికి ఒక్కో దారమట, కొలత ఉన్న చోట ముడి వేస్తుందట. ఇది సారుది, పోయిన వారమే మళ్లా కొలత తీసుకున్యా, గుడ్డ ఇంకా కత్తిరించలా అంది. ముళ్లను ఒక్కొక్కటే వేలితో తాకి చూపించింది: ఇది భుజం, ఇది చెయ్యి, ఇది ఛాతీ. ఛాతీ దగ్గర పాత ముడి విప్పి, రెండు వేళ్లంత లోపలికి కొత్తది వేసి ఉంది.