చుట్టాల గడ్డి

మా ఆవిడకు ఇల్లు సర్దడమంటే గిట్టదు. చుట్టాలొస్తున్నారని నేను కుర్చీ మీది బట్టలు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపుతుంది. "రోజూ ఉన్నట్టే ఉండనివ్వండి. లేకపోతే మన సంగతి వాళ్ళకేం తెలుస్తుంది?" అంటుంది. గడియారాలు బాగుచేసుకుంటూ ప్రతి మరమేకునూ దాని డబ్బాలోనే పెట్టే నాలాంటివాడికి ఈ కాపురం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఆవిడ ఉద్యోగమూ చెత్తతోనే. కోతలయ్యాక పొలాల్లో మిగిలిన గడ్డి నుంచి బండ్లకు ఇంధనం తీసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. పని వినడానికి సులువే. గడ్డిని ఆవిరిలో ఉడికించి, ఎంజైములతో చక్కెరగా మార్చి, పులియబెట్టి ఇథనాల్ తీస్తారు. గొడవంతా మొదట్లోనే ఉంది. గడ్డిని ఉడికే పాత్రలోకి నెట్టే పెద్ద ఇనుప మరలో రాయి పడిందంటే అది బిగుసుకుపోతుంది. ఆవిరి వదిలి, మూత విప్పి, మళ్ళీ బిగించేసరికి రోజు గడిచిపోతుంది. అలా ఆగి ఆగి తీసిన ఇథనాల్ పెట్రోలు కన్నా ఖరీదవుతుంది, ఎవడూ కొనడు.

మరకు ముందు ఓ నీళ్ళ తొట్టి కట్టండి, రాళ్ళు అడుక్కి పోతాయి, గడ్డి తేలుతుంది అని మా ఆవిడ పోరు. మేనేజరు వింటేగా!

"తనిఖీ జరిగినప్పుడల్లా మర బ్రహ్మాండంగా తిరిగింది కదమ్మా. ఇప్పుడు తొట్టి కావాలంటే, ఇన్నాళ్ళూ చూపించిందేంటని అడగరూ?"

తిరగక ఏం చేస్తుంది? తనిఖీల కోసం షెడ్డు మూల టార్పాలిన్ కింద వేరే మోపులు దాచేవారు. చేత్తో ఏరి, దులిపి, ఎండబెట్టిన గడ్డి. పనివాళ్ళు దాన్ని చుట్టాల గడ్డి అనేవారు. మోసం చేస్తున్నామని ఎవరూ అనుకోలేదు, పాపం. పెద్దమనుషులు వస్తున్నారని మర్యాద, అంతే.

చివరికి పెట్టుబడి పెట్టినవాళ్ళు విసిగిపోయారు. ఇంత బాగా తిరిగే మరతో నష్టమెందుకో ఈసారి తనిఖీలో తేలకపోతే ఫ్యాక్టరీ మూసేస్తామన్నారు. ఆ సాయంత్రం మా ఆవిడ కంచం ముందు కూర్చుని ఏడ్చింది. నాకు భయమేసింది. ఏడిపించడమే తప్ప ఏడవడం ఆవిడకు అలవాటు లేదు.

కళ్ళు తుడుచుకుని, "ఆ చుట్టాల గడ్డిని బాయిలర్లో తగలేస్తా" అంది. అన్నంత పనీ చేసింది.

తనిఖీ రోజు నేనూ అక్కడే ఉన్నాను. గోడ గడియారం ఆగిందని ఆవిడే నన్ను రప్పించి నిచ్చెనెక్కించింది. మేనేజరు టార్పాలిన్ ఎత్తి చూసి, దాన్నే మొహానికి కప్పుకునేలా కనిపించాడు. చేసేదిలేక మామూలు గడ్డే వేశారు. మర కాసేపు తిరిగింది, మూలిగింది, ఆగిపోయింది. అందరూ చూస్తుండగా మూత విప్పించి, మా ఆవిడ లోపలున్నవన్నీ బయటికి లాగింది. మట్టి, రాళ్ళు, ఒక చెప్పు.

"ఇదండీ మాకు రోజూ వచ్చే సరుకు. ముందు నీళ్ళ తొట్టి ఉంటే మర దాకా రాదు" అని ఆ చెప్పును పట్టకారుతో పైకెత్తి చూపించింది.

వచ్చినవాళ్ళలో పెద్దాయన దాన్నీ రాళ్ళ కుప్పనీ చూశాడు. "తొట్టి కట్టండి" అన్నాడు.

నేను మాత్రం నిచ్చెన మీంచి పడబోయాను. ఆ చెప్పు మడమ దగ్గర నల్లదారంతో కుట్టు వేసింది నేనే.

ఇంటికొచ్చి చూస్తే గుమ్మం దగ్గర నా పాత జతలో ఒంటి చెప్పే ఉంది.

"నా చెప్పు మరలోకెలా వచ్చింది?"

"పొలాల నుంచి చెప్పులూ వస్తుంటాయండీ. ఒట్టు."

"నాది ఏ పొలానికీ వెళ్ళలేదే?"

"సరిగ్గా ఆ రోజే మంచి గడ్డి వచ్చి మర ఆగకపోతే? నా ఫ్యాక్టరీ ఏమవ్వాలి?"

"అంటే నువ్వూ చుట్టాల కోసం సర్దావన్నమాట!"

ఆవిడ నా ఒంటి చెప్పును కాలితో గుమ్మం మూలకు నెట్టేసింది.

తొట్టి కట్టారు. ఇప్పుడు మర ఆగడం అరుదు, ఇథనాల్ పెట్రోలు ధరకు దిగింది, కొనేవాళ్ళు క్యూ కడుతున్నారు. మా ఆవిడను తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది, ఆ మాట ఆవిడతో అనను. ఒంటి చెప్పును మాత్రం పారేయలేదు. చుట్టాలొస్తున్నారంటే కుర్చీ మీది బట్టలు దర్జాగా తీస్తాను. ఆవిడ నోరు తెరవబోతే గుమ్మం వైపు చూస్తాను.